సున్నపు నేలలో సంపెంగ: ఎండిపోతున్న చెట్టును బతికించుకున్న నా అనుభవం

2022 జూన్‌లో మా ఆయనకు నరసరావుపేట బదిలీ అయింది. అక్కడ నాన్న కట్టిన ఇల్లు ఏడేళ్ళుగా అద్దెకిచ్చి ఉంచాం. నాన్న పోయాక కొన్నాళ్ళు అమ్మ ఒక్కతే ఉండి, తర్వాత హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గరకు వెళ్ళిపోయింది. అద్దెవాళ్ళు ఖాళీ చేసిన వారానికి మేం సామాన్లతో దిగాం. గేటు తీయగానే నా కళ్ళు సంపెంగ చెట్టును వెతికాయి.

చెట్టు ఉంది. కానీ పై భాగంలో మూడో వంతు ఆకన్నదే లేదు, అన్నీ ఎండు పుల్లలే. కింది కొమ్మలకు మిగిలిన ఆకులు నిమ్మపండు రంగులో పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా, పెన్నుతో గీసినట్టు కనిపిస్తున్నాయి. అంచులు మాడిపోయాయి. కాండం మీద చెదలు కట్టిన మట్టి దారులు. ఆకుల మీద నల్లటి మసి, వేలితో తుడిస్తే అంటుకుంటోంది. ఛాతీ ఎత్తున బట్టలారేసే జీఐ తీగ ఒకటి కాండంలోకి కోసుకుపోయి, దాని పైనా కిందా బెరడు పెదవుల్లా ఉబ్బి ఉంది. నేలంతా సిమెంటు గచ్చు. ఆ గచ్చు కాండాన్ని తాకేదాకా వచ్చింది. చెట్టు మొదలు చుట్టూ బెత్తెడు పాదు కూడా వదల్లేదు.

వెనకింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "ఎండిన చెట్టు ఇంటి ముందు ఉండకూడదమ్మాయ్, కొట్టించేయండి. ఆ చోట కొబ్బరి పెట్టుకుంటే నాలుగు కాయలొస్తాయి" అంది. ఆవిడ మంచికే చెప్పింది. సామాన్లు దింపిన కూలీలు కూడా అదే మాటన్నారు, కట్టెల కోసం వాళ్ళే కొడతామన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పటికి నాకు చెట్ల గురించి పెద్దగా తెలియదు. అది అమ్మ చెట్టు, అంతే.

అమ్మది అడవివరం, సింహాచలం కొండ కింద ఊరు. సింహాచలం సంపెంగలంటే ఉత్తరాంధ్రలో తెలియనివాళ్ళు ఉండరు. ఆ కొండ మీద పనస, అనాస, సంపెంగ మూడూ బ్రహ్మాండంగా వస్తాయి. నాన్న నాగార్జునసాగర్ కాలువల మీద ఉద్యోగం చేసేవారు, అందుకని పెళ్ళయ్యాక అమ్మ పల్నాడు వచ్చింది. ఇక్కడ మిరపకాయ, పత్తి, సున్నపురాయి. సంపెంగ పువ్వు కొందామన్నా దొరికేది కాదు. 1994లో సొంత ఇల్లు కట్టుకున్నాక కడియం నర్సరీ నుంచి అంటు మొక్క తెప్పించి పడమటి గోడ వైపు పెట్టింది. గింజ మొక్క అయితే పూయడానికి ఎనిమిది, పదేళ్ళు ఆగాలి. అంటు కాబట్టి మూడో ఏటికే పూసింది. మా స్కూల్ రోజులన్నీ ఆ పూలే. నోటు పుస్తకంలో పెట్టుకుంటే ఎండి, గోధుమ రంగుకు తిరిగినా వాసన పోయేది కాదు.

నేను చేసిన మొదటి పని తప్పు పని. చెట్టు నీరసంగా ఉందంటే బలం కావాలనుకున్నాను. ఎరువుల కొట్టుకు వెళ్ళి విషయం చెబితే యూరియా, డీఏపీ ఇచ్చారు. గచ్చు పగిలిన చోటల్లా వాటిని చల్లి, బోరు మోటారు వేసి రోజూ సాయంత్రం పైపు పెట్టేదాన్ని. పది రోజుల్లో మిగిలిన ఆకుల్లో సగం రాలిపోయాయి. పొద్దున్నే ఊడ్చేటప్పుడు ఒక్కో ఆకు చీపురుకి తగులుతుంటే లోపల భయం వేసేది. వేర్లు పనిచేయని చెట్టుకు రసాయన ఎరువు వేస్తే అది తిండి కాదని, ఆ ఉప్పు వేర్లలో ఉన్న కాస్త నీటినీ లాగేస్తుందని తర్వాత తెలిసింది. జబ్బు మనిషి ముందు జంతికలు పెట్టినట్టు చేశాను.

అమ్మకు చెప్పడానికి అప్పటిదాకా ధైర్యం చాల్లేదు. ఆ రోజు ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది.

"ఏ నీళ్ళు పోస్తున్నావే?"

"బోరు నీళ్ళమ్మా."

"బోరు నీళ్ళు దానికి పడవు. కుళాయి నీళ్ళు పొయ్యి. నేను ఒక్కనాడు కూడా దానికి బోరింగు నీళ్ళు పొయ్యలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు వీధిలో చేతిపంపు ఉండేది, నీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చేవి. మున్సిపాలిటీ కుళాయి మాత్రం రోజు విడిచి రోజు వచ్చేది. ఇంట్లోకి పట్టుకున్నాక చివరి రెండు బిందెలు అమ్మ సంపెంగకు మోసుకెళ్ళేది. "చేతిపంపు నీళ్ళు పోస్తే పోలా" అని మేం విసుక్కునేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు కూడా దానికే. అంతేకాదు, ఆ మొక్క పెట్టిన రోజు ట్రాక్టరు నిండా ఎర్రమట్టి వినుకొండ వైపు నుంచి తెప్పించి, నిలువు మనిషి దిగేంత గోతిలో నింపిందట. ఫోన్లో చెబితేనే నాకు తెలిసింది. "ఇక్కడి మట్టిలో అది ఉండదే. మా కొండ మట్టి వేరు" అంది. అమ్మ ఐదో తరగతి వరకే చదువుకుంది.

మా అక్క కొడుకు వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీలో చదివాడు. వాడికి ఫొటోలు పంపితే, "పిన్నీ, ఇంకేమీ వేయకు, నీళ్ళు కూడా ఆపు. ఆదివారం నేనొస్తా" అన్నాడు. వచ్చి ముందు మందుల గురించి మాట్లాడనే లేదు. ఆ పూటంతా చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ముందు బతికి ఉందో లేదో చూశాడు. ప్రతి కొమ్మ మీదా బొటనవేలి గోరుతో బెరడు పైపొరను కాస్త గీకాలి. కింద తడిగా పచ్చగా కనిపిస్తే కొమ్మ బతికున్నట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే చచ్చినట్టు. నిచ్చెన వేసుకుని వాడు గీకుతూ ఉంటే, నేను పచ్చగా ఉన్నవాటికి పాత చీర పీలికలు కట్టుకుంటూ వచ్చాను. కింది పెద్ద కొమ్మలు అన్నీ పచ్చే. ఆకు ఒక్కటీ లేని రెండు కొమ్మలు కూడా మధ్య వరకు పచ్చగానే ఉన్నాయి. ఆ పీలికలు లెక్కపెట్టుకుంటే పదకొండు. కొట్టించేయమన్న చెట్టుకు పదకొండు బతికిన కొమ్మలు.

తర్వాత మొదలు దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. "ఏ చెట్టయినా నేలలోకి దిగే చోట ఏనుగు పాదంలా విచ్చుకోవాలి పిన్నీ. ఇది కరెంటు స్తంభంలా తిన్నగా దిగింది చూడు. అంటే అసలు మొదలు లోపలెక్కడో ఉంది." నిజమే. అప్పటికి నాలుగైదేళ్ళ క్రితం వీధిలో సిమెంటు రోడ్డు వేసి ఎత్తు పెంచారు. వాన నీళ్ళు ఆవరణలోకి వస్తున్నాయని అద్దెవాళ్ళు ఫోన్ చేస్తే, నేల లేపించి గచ్చు చేయించమని అన్నయ్యా నేనూ సరేనన్నాం. డబ్బు కూడా మేమే పంపాం. కాబట్టి అద్దెవాళ్ళను అనడానికి లేదు. ఆ మెరకకు వాడింది పాత గోడల పెళ్ళలు, సిమెంటు ముక్కలు, నాపరాళ్ళ కోత పొడి. ఆ నేల కిందే మా సంపెంగ మొదలు కూరుకుపోయింది.

వంటింట్లోంచి వెనిగర్ తెమ్మన్నాడు. గచ్చు పగులులోంచి తీసిన మట్టి చెంచాడు సాసర్లో వేసి వెనిగర్ పోస్తే సోడాలా బుసబుసమని పొంగింది. మట్టిలో సున్నం ఉంటే అలా నురగ వస్తుంది. పల్నాడులో ఇది వింత కాదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందే సున్నపురాయి కోసం. బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టేదీ అందుకే. సంపెంగకు కాస్త పుల్లటి నేల, నీరు నిలవని నేల కావాలి. సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నా అది వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. ఇనుము లేకపోతే ఆకు పచ్చదనాన్ని తయారుచేసుకోలేదు. చెట్టులో ఇనుము పాత ఆకు నుంచి కొత్త ఆకుకు కదలదు కాబట్టి, ముందు లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు పచ్చగా మిగులుతాయి. నత్రజని తక్కువైతే దీనికి తిరగేసి, ముందు ముదురాకు పసుపెక్కుతుంది. ఈ ఒక్క తేడా నాకు ముందే తెలిసుంటే నత్రజని ఇచ్చే యూరియా కొనేదాన్నే కాదు.

దానికి తోడు వంటింటి వాటర్ ఫిల్టర్ వదిలే నీళ్ళ పైపును కూడా చెట్టు వైపే పెట్టారు. ఫిల్టర్ మంచి నీళ్ళను మనకిచ్చి, మిగిలిన నీళ్ళలో ఉప్పులన్నీ చిక్కబరిచి బయటకు వదులుతుంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే దీనికి దిక్కు. నీళ్ళు వృథా చేయకూడదనే వాళ్ళు అలా పెట్టి ఉంటారు. ఆ పైపును ఆ సాయంత్రమే కాలువలోకి మళ్ళించాను.

మరుసటి వారం మేస్త్రీ, ఇద్దరు కూలీలు వచ్చారు. డ్రిల్లింగ్ మిషన్ వద్దన్నాను, సమ్మెట, గడ్డపారలతోనే పని. అది కూడా గచ్చు పగలగొట్టే వరకే. మట్టి మొదలయ్యాక ఇనుము దింపకూడదని ముందే చెప్పాను. సంపెంగ వేరు కండగా, పెళుసుగా ఉంటుంది. తెగితే వేపకో, కానుగకో తిరిగొచ్చినంత సులువుగా తిరిగి రాదు. మూడు వైపులా ఆరేసి అడుగులు, గోడ వైపు ఉన్నంత మేర గచ్చు తీశాం. కింది పెళ్ళలను మేస్త్రీ చేత్తోనే ఏరాడు. ఆ తర్వాత బొరిగె పట్టుకుని నేను కూర్చున్నాను. పైపుతో కొద్దిగా తడిపి మెత్తబరచడం, బొరిగెతో గీకడం, చేత్తో తోడడం. రోజుకు గంటన్నర చొప్పున ఎనిమిది రోజులు పట్టింది.

రెండో రోజు నుంచి మట్టి నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో వచ్చింది. గాలి ఆడక, నీళ్ళు నిలిచి ఉన్న నేలకు ఆ వాసన వస్తుంది. అక్కడి సన్న వేర్లను పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపలి నార చేతికొచ్చేది. అవి పోయినట్టే. ఐదో రోజుకు తొమ్మిది అంగుళాల లోతున కాండం విచ్చుకోవడం తగిలింది. ఏనుగు పాదం. చుట్టూ వేర్ల భుజాలు లేచి ఉన్నాయి. వాటి కింద చెయ్యి పెడితే మట్టి రంగు మారింది, ఎర్రగా, పొడిపొడిగా ఉంది. అమ్మ 1994లో పోయించిన మట్టి. అందులో ఉన్న వేర్లు గోరుతో గీకితే తెల్లగా ఉన్నాయి. అక్కడే కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేశాను. నేను చేతిలో పట్టుకున్న మట్టి చూసి, "అదే" అంది.

తీగ సంగతి ఆ తర్వాత చూశాం. నాకు దాన్ని మొత్తం లాగిపారేయాలని ఉంది. మా అక్క కొడుకు వద్దన్నాడు. బెరడులో పూడుకుపోయిన ముక్కను పెకిలిస్తే దాని మీదుగా పెరిగిన బతికిన బెరడు కూడా చీలిపోతుంది. బయట కనిపించే చోట్ల కట్టర్‌తో కోసి, బిగువు తీసేసి, లోపలి ముక్కలు అలాగే వదిలేశాం. ఇప్పుడు అవి కనిపించవు.

ఎండు కొమ్మలు కొట్టడంలో మేం తొందరపడలేదు. పూర్తిగా చచ్చినవే తీశాం. బతికున్న కొమ్మను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. బలహీనంగా ఉన్న చెట్టుకు ప్రతి ఆకూ వంటచెయ్యే కదా. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా కంకణంలా ఉంటుంది. దాన్ని వదిలి, దాని అవతల కోయాలి. గాయాన్ని మూసే బెరడు అక్కడి నుంచే వస్తుంది. మరీ తిన్నగా కాండానికి రాసుకునేలా కోసినా తప్పే, జానెడు మోడు వదిలినా తప్పే. పెద్ద కొమ్మకు ముందు అడుగు నుంచి చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి రంపం వేయాలి. లేకపోతే బరువుకు విరిగి బెరడును కింది దాకా చీల్చుకుపోతుంది. ఒక కొమ్మకు కూలీ అబ్బాయి ఆ అడుగు గాటు మరిచిపోయాడు. చెయ్యెడు బెరడు ఊడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

వానాకాలం కాబట్టి తెగులు సోకకుండా పెద్ద గాయాలకు మాత్రం బోర్డో పేస్టు పూశాం. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు దాని లెక్క. మాకు అందులో పదో వంతు చాలింది. 100 గ్రాముల చొప్పున రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత ఒకటిగా చేశాం. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక ఇనుప చాకు ముంచి తీస్తే దాని మీద ఎర్రటి రాగి పూత కనిపించకూడదు. కనిపిస్తే సున్నం ఇంకాస్త కలపాలి. మాకు మొదటిసారి కనిపించింది.

మట్టికి వస్తే, వినుకొండ వైపు నుంచే ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించాను. దానిలో బాగా మాగిన పశువుల ఎరువు, ఆకు మట్టి, వేపపిండి కలిపి, తీసిన మెరక స్థానంలో వేర్ల మీద పల్చగా పరిచాం. మొదలు మళ్ళీ పూడ్చలేదు. ఏనుగు పాదం బయటికే ఉంచాం. పైన ఎండాకులు, కొబ్బరి పీచు నాలుగు వేళ్ళ మందాన కప్పి, కాండానికి మాత్రం జానెడు దూరం వదిలాం. గుంటలా పల్లం అయింది కాబట్టి నీళ్ళు నిలవకుండా వీధి కాలువ వైపు ఒక చిన్న బోదె తీయించాను.

ఇనుము ఆకుల ద్వారా ఇచ్చాం. అన్నభేదిని, అంటే ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్‌ను, సున్నపు మట్టిలో వేస్తే వేరుకు అందేలోపే తుప్పుగా మారి బిగుసుకుపోతుంది. అందుకే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేలా పిచికారీ. బత్తాయి, నిమ్మ తోటలకు రైతులు కొట్టేది ఇదే. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచితే గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇక పనిచేయదు. ఎండలో కొట్టకూడదు, సాయంత్రం కొట్టాలి. గచ్చు మీద పడితే తుప్పు మరకలు వదలవు, మా మెట్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. పది, పన్నెండు రోజులకోసారి మూడుసార్లు కొట్టాను. మొదటి దఫా తర్వాత వారానికి పసుపు ఆకుల మీద పచ్చటి చుక్కలు కనిపించాయి. మందు బిందువు పడిన చోటల్లా పడినంత మేర పచ్చదనం! ఏదో కొత్త తెగులు అనుకుని హడలిపోయి ఫొటో పంపాను. "తెగులు కాదు పిన్నీ, ఆకలి" అన్నాడు. మట్టి ద్వారా ఇవ్వాలంటే షాపుల్లో దొరికే చిలేటెడ్ ఐరన్‌లో (మట్టిలో బిగుసుకోకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) రకం చూసుకోవాలి. ఎక్కువగా అమ్మే ఈడీటీఏ రకం ఇలాంటి సున్నపు నేలలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ అని రాసున్నది నిలుస్తుంది. ధర ఎక్కువే. ఆ తర్వాతి ఏడాది నుంచి అది కొద్దిగా వాడుతున్నాను.

నీళ్ళు మాత్రం అమ్మ చెప్పినట్టే. బోరు పూర్తిగా బంద్. సాగర్ కాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్ళు, వాన నీళ్ళు, ఏసీ నీళ్ళు. ఏసీ నీళ్ళు గాలిలోని తేమే చల్లబడి కారేది కాబట్టి వాటిలో సున్నం ఉండదు. ఎండాకాలం రాత్రంతా ఏసీ నడిస్తే మాకు ఒక బకెట్టు నిండేది. ఇప్పుడు మా పైవాటా వాళ్ళు కూడా వాళ్ళ బకెట్టు తెచ్చి ఇస్తున్నారు.

ఇంత చేశాక జులై, ఆగస్టు నెలల్లో ఏమీ జరగలేదు. ఈ రోజులే అన్నిటికంటే కష్టం. రాలేవి రాలుతూనే ఉన్నాయి. ఏదో ఒకటి వేయాలని చెయ్యి లాగేది. ఇరుగుపొరుగు వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పేవాళ్ళు. "వేళ్ళు పుట్టేది కింద, నీకు కనపడదు. ఈ ఏడాది దాన్ని అడక్కు" అన్నాడు మా వాడు. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున పీలిక కట్టిన కొమ్మల్లో ఒకదాని పక్కన గోధుమ రంగు నూగు తొడిగిన మొగ్గ కనిపించింది. దసరా సెలవుల్లో అది విచ్చుకుని మూడు ఆకులైంది. పాలిపోని ఆకులు, ఈనెకూ ఆకుకూ ఒకటే పచ్చ. వాటిని రోజూ పొద్దున వెళ్ళి చూసి వచ్చేదాన్ని. మొదట్లో మట్టికి దగ్గరగా, అంటు కట్టిన చోటికి కింద నుంచి రెండు పిలకలు బలంగా లేచాయి. వాటిని చూసి సంతోషపడ్డాను గానీ అవి అంటు కట్టడానికి కింద వాడిన అడుగు మొక్కవి, అమ్మ అంటువి కావు. మనసొప్పకపోయినా తీసేశాను.

మసికి కారణం పొలుసు పురుగులు. పుల్లలకు అతుక్కుని, బెరడులో భాగమేమో అనిపించే చిన్న చిన్న బుడిపెలు. అవి విడిచే తీపి జిగురు మీద మసి తెగులు పెరుగుతుంది, ఆ తీపికి చీమలు చేరి వాటికే కాపలా కాస్తాయి. పాత టూత్ బ్రష్‌తో సబ్బు నీళ్ళు పెట్టి అందినంత వరకు రుద్దాను. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి వారానికోసారి కొట్టాను. చీమలు ఎక్కకుండా కాండానికి ఒక గుడ్డ పట్టీ చుట్టి దాని మీద గ్రీజు రాశాను. చెదల మట్టిని కొబ్బరి పీచుతో రాల్చేశాను. అవి తింటున్నది చాలావరకు చచ్చిన బెరడునే, కిందిది గట్టిగా ఉంది.

2023 శివరాత్రికి, కోటప్పకొండ తిరునాళ్ళ నాటికి చెట్టు పచ్చగానే ఉందని చెప్పుకునే స్థితికి వచ్చింది. నా టెన్షన్ అంతా ఆ తర్వాత వచ్చే ఎండల గురించే. పై ఆకులు లేక పడమటి ఎండ తిన్నగా కాండం మీద పడితే బెరడు పగులుతుంది. మామిడికి సున్నం కొడతారు, మేం సున్నం పేరెత్తితే భయపడే పరిస్థితి. గోనె పట్టాలు వదులుగా చుట్టి, జూన్‌లో విప్పేశాను. మే నెలలో మూడు రోజులు పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి లేత చివుళ్ళు వేలాడుతున్నాయి. రెండు బకెట్ల ఏసీ నీళ్ళకు తెల్లారేసరికి తేరుకున్నాయి.

ఆ డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందే మేం చెట్టును మూడు వైపులా తాళ్ళతో కట్టాం. కాండానికి తాడు కోసుకోకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాం. తీగ చేసిన గాయం చూశాక నాకు ఏదీ బిగించి కట్టడానికి చేతులు రావు. రాత్రంతా హోరు. టార్చి వేసి కిటికీలోంచి చూస్తే చెట్టు ఊగుతోంది గానీ మొదలు కదలడం లేదు. పొద్దున లేచేసరికి వీధంతా నీళ్ళు. మా గుంటలోవి మాత్రం వీధి నీరు తగ్గగానే బోదె వెంట దిగిపోయాయి. గచ్చు ఉన్న రోజుల్లో అయితే వారం నిలిచేవి. రెండు రెమ్మలు విరిగాయి, అంతే. వారం పోయాక తాళ్ళు విప్పేశాం.

2024 జూన్ రెండో వారంలో ఆకు మొదట్లో ఒక మొగ్గ మిగతావాటికన్నా లావుగా అనిపించింది. ఆకు మొగ్గ సన్నగా, మొనదేలి ఉంటుంది. ఇది పొట్టకు వచ్చినట్టు ఉంది. ఎవరికీ చెప్పలేదు. పది రోజులకు పైపొర ఊడి పసుపు నారింజ రంగు కనిపించింది. మూడు పూలు వచ్చాయి ఆ ఏడాది మొదటి దఫాలో. అమ్మకు వీడియోలో చూపిస్తే ముందు, "ఏ కొమ్మకు?" అంది. వీధి వైపుదని చెప్పాను. "అది ఎప్పుడూ ముందే పూసేది" అంది. తర్వాత, "మొదటిది సింహాద్రి అప్పన్న పటానికి పెట్టు. మిగతావి నీ ఇష్టం" అంది. ఒకటి పటానికి పెట్టాను. ఒకటి వెనకింటి మామ్మగారికి ఇచ్చాను. ఆవిడ కళ్ళకద్దుకుని, "కొట్టించమన్నది నేనే కదమ్మాయ్" అంది. మూడోది చెట్టుకే వదిలేశాను, గింజ కడుతుందేమోనని. కట్టలేదు.

అన్నీ బాగైపోలేదు. పై మూడో వంతు తిరిగి రాలేదు, చెట్టు పొట్టిగా, పక్కలకు పెరుగుతోంది. గోడ వైపు కొమ్మకు ఇప్పటికీ లేత ఆకు పసుపుగానే వస్తుంది.

శ్రావణ మాసంలో అన్నయ్య అమ్మను తీసుకొచ్చాడు. ఎనభై రెండేళ్ళు. కారు దిగి ఇంట్లోకి రాకుండా, చెయ్యి పట్టుకోమని చెట్టు దగ్గరికే నడిచింది. కాండం మీద కోసిన మచ్చలన్నీ ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత కుర్చీ వేయించుకుని కూర్చుని, గోడ వైపు నుంచి పిడికెడు మట్టి తీసిమ్మంది. అరచేతిలో నలిపి, వేళ్ళ మధ్య పొడి రాల్చి, వాసన చూసింది.

"ఇటు వైపు ఇంకా ఆ పెళ్ళల మట్టే ఉందే. గోడ పునాది దాకా తీయించు. ఎర్రమట్టి ఇంకో అర ట్రాక్టరు పడుతుంది. వానలుండగానే పోయించు" అంది.

ఆ సాయంత్రమే వినుకొండ ట్రాక్టరు అతనికి ఫోన్ చేశాను.